సువర్ణ పేరు ముందు ఖాళీ

నంద్యాల,
ఆదివారం.

ఓబులేసూ, మన సువర్ణ డాక్టరైందప్పా.

ముందు ఈ మాట రాసేసి తర్వాత మిగతావి రాద్దామని కూర్చున్నాను. ఉత్తరమంటే మొదట దీవెనలూ క్షేమసమాచారాలూ ఉండాలని నాకూ తెలుసు. చెయ్యి ఆగలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తమ్ముడు ఓబులేసుకు, మరదలు రవణమ్మకు అన్న కొండయ్య దీవెనలు. మీరిద్దరూ బాగున్నారని తలుస్తాను. నీ నడుము నొప్పి తగ్గిందా? రవణమ్మ కంటికి ఆపరేషన్ అయిందని విన్నాను. కొన్నాళ్లు పొయ్యి దగ్గర కూర్చోవద్దని చెప్పు. ఇక్కడ నేనూ సువర్ణా బాగున్నాము. నేను బాగానే ఉన్నాను, నా గురించి ఏమీ బెంగ పెట్టుకోవద్దు.

డాక్టరంటే సూది వేసే డాక్టరు కాదు, చదువుల డాక్టరు. ఇంగ్లీషులో ఆడవాళ్లనూ మగవాళ్లనూ పిలిచే మాటలు ఎక్కడ పుట్టాయి, పుట్టినప్పుడు వాటి అర్థమేమిటి, పోను పోను ఏమైపోయింది అని ఇన్నేళ్లూ వెతికి పుస్తకం రాసింది. ఇటుకంత లావుంది. నాకు ఇంగ్లీషు చదవడం రాదు గానీ రోజూ ఒకసారి చేతిలోకి తీసుకుని బరువు చూస్తాను. ఆ బరువు చూస్తే కడుపు నిండుతుంది తమ్ముడూ.

ఫోనులో చెప్పవచ్చు గదా అంటావు. నేను చేసిన ప్రతిసారీ నువ్వు ఫోను రవణమ్మ చేతికి ఇచ్చేస్తావు. ఆ పిల్ల "బాగుండావా బావా, అన్నం తిన్యావా" అని అడుగుతుంది. వెనకాల నీ ఉలి చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ఆ చప్పుడు కోసమే ఇంకో రెండు మాటలు పొడిగిస్తాను. అందుకని ఈసారి ఉత్తరం రాస్తున్నాను. దీన్ని కూడా ఇంకొకరి చేతికి ఇవ్వగలవు, కానీ పైన నీ పేరే ఉంటుంది.

ఇక్కడి సంగతులు చెబుతాను. నంద్యాల మనకు బస్సులో గంట దారి. చిన్నప్పుడు సినిమాలకు వచ్చిపోయిన ఊరే. వచ్చిపోవడం వేరు, వచ్చి ఉండడం వేరు. మన వీధిలో తెల్లవారితే ఈ చివర నుంచి ఆ చివర దాకా రాతి మీద ఉలి పడుతూ ఉంటుంది. ఇక్కడ పొద్దున కాసేపు మిక్సీలు తిరుగుతాయి, స్కూలు బస్సులు హారన్లు కొడతాయి, అంతే. సువర్ణ కాలేజీకి పోతుంది. తక్కిన వాటాలవాళ్లు పనులకు పోతారు. మేడంతా నోరు మూసుకుంటుంది. నేను కుర్చీలో కూర్చుని నా చేతులు చూసుకుంటూ ఉంటాను. గోళ్ల సందుల్లో రాతిపొడి ఉండేది, అది కూడా పోయింది. వారం నుంచి మబ్బు పట్టి ఉంది. కురవదు, పోదు. ఈ తేమకు దగ్గు కొంచెం ఎక్కువగా ఉంది. కొంచెమే, బెంగ పడవద్దు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇల్లు దొరకడం కష్టమైంది. నువ్వు అనుకుని ఉంటావు, పట్నంలో ఎవరూ ఏమీ అడగరని. అందరూ అడిగారు. పెళ్లయిందా, అయితే ఆయన యాడున్నాడు, కాకపోతే ఇన్నేళ్లొచ్చినా ఎందుకు కాలేదు అని. ఇప్పుడున్న ఇంటి ఓనరమ్మ గేటు దగ్గరే నిలబెట్టింది.

"ఏం పెద్దాయనా, మీ పాప మిస్సా, మిసెస్సా?"

"లెక్చరరమ్మా" అన్నాను.

"నేనడిగేది అది కాదప్పా."

కోర్టులో విడాకులైన బిడ్డను ఏమని చెప్పాలి? సువర్ణే చెప్పింది. "ఆంటీ, మిస్సూ మిసెస్సూ రెండూ ఒక మాట నుంచి వచ్చినయ్యే. మిస్ట్రెస్ అని. ఇంటి మీద, పని మీద అధికారం ఉండే ఆమె అని దానర్థం. పెళ్లయిందా లేదా అని ఆ మాట అప్పట్లో అడిగేది కాదు."

"మిస్ట్రెస్సా? అది మంచి మాట కాదు గదమ్మా."

"చెడగొట్టినారు ఆంటీ. మాస్టరు మాత్రం మాస్టరుగానే మిగిలినాడు."

ఆమె తాళంచెవుల గుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నువ్వు చెప్పేది బాగుండాది గానీ, మగోళ్లెవరూ వచ్చిపోగూడదు మల్ల" అంది.

"నేను మగోణ్నే గదమ్మా" అన్నాను.

"నువ్వు ముసలాయనవి లే" అని తాళంచెవులు ఇచ్చింది.

మెట్లెక్కుతున్నంతసేపూ సువర్ణ నవ్వింది. ఇంట్లోకి వచ్చి ట్రంకుపెట్టె దించాక గోడ వైపు తిరిగి చాలాసేపు కూర్చుంది. నేను నీళ్లు తెస్తానని బయటికి పోయాను.

తిండికి ఇబ్బంది లేదు. వీధి చివర ఒకామె పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. బాగుంటాయి, రవణమ్మ చేసినట్టు అంచులు పలచగా రావు. ఒకరోజు అవి తింటుంటే సువర్ణ అడిగింది.

"నాయనా, లేడీ అంటే మొదట్లో ఏందో తెల్సునా?"

"గొప్పింటి ఆడామె."

"అది తర్వాతి సంగతి. మొదట్లో రొట్టెల పిండి పిసికే ఆమె. లార్డ్ అంటే ఆ రొట్టెకు కాపలా ఉండేవాడు."

"చేసేది ఒకరు, కాపలా ఇంకొకరా?"

"ఆఁ. పోను పోను ఇద్దరూ గొప్పోళ్లయిపోయినారు. పిండి సంగతి మర్సిపోయినారు."

"మరి పిండి పిసికేది ఎవురు?"

"ఇంకెవురో లే నాయనా, తిను."

ఇట్లా రోజూ ఒక మాట చెబుతుంది. నాకు రోజంతా నమలడానికి అదే పని. వైఫ్ అంటే ఒకప్పుడు ఆడమనిషి అని మాత్రమేనట, ఎవరి పెళ్లామూ కాదు. హస్బెండ్ అంటే ఇల్లూ వాకిలీ ఉండి చూసుకునేవాడు, ఎవరి మొగుడూ కాదు. ఇల్లు చూసుకునే ఆమెను పిలిచే మాట ఒకటి అరిగి అరిగి చివరకు తిరుగుబోతు ఆడదాన్ని తిట్టే తిట్టయిందట. గర్ల్ అంటే చిన్నబిడ్డ, మగబిడ్డనైనా అట్లే పిలిచేవాళ్లట. ఆ మాట విన్నప్పుడు మన శిల్పాల షెడ్డు ముందర రాతిపొడిలో పొర్లే పిల్లకాయలు గుర్తొచ్చారు. అందరూ తెల్లగా పిండిబొమ్మల్లా ఉండేవాళ్లు. వాళ్లలోంచి సువర్ణను ఏరి భుజాన ఎక్కించుకుని బోరింగు దగ్గరికి తీసుకుపోయేది నువ్వు. పగిలిన పీఠం మీద సుద్దముక్కతో దానికి అఆలు దిద్దించింది కూడా నువ్వే. నేను పనిలో ఉండేవాణ్ణి. ఆ సంగతి దానికి గుర్తుంది. నీకూ గుర్తుండే ఉంటుంది.

మన మాటల్లో మాత్రం ఏం తక్కువ అని నేనే దానితో అన్నాను. వాడు వచ్చినాడంటాం, అది వచ్చిందంటాం. ఆవూ అదే, బండా అదే, బిడ్డా అదే. సువర్ణ నవ్వి, "నువ్వు అది అంటే నాకు ముద్దుగానే ఉంటాది నాయనా, పిలిచే నోటిని బట్టి ఉంటాది" అంది. అత్తగారింట్లో దాన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు గదా. ఆ ఇల్లు వదిలి మన గడప తొక్కిన రోజు నువ్వేమన్నావో నాకు జ్ఞాపకముంది. తప్పు పట్టడానికి రాయడం లేదు. అప్పుడు శిరీషకు సంబంధాలు చూస్తున్నావు. "దీన్ని ఇంట్లో పెట్టుకుంటే నా బిడ్డకు ఎవురొస్తారన్నా" అన్నావు. కన్నతండ్రివి, నీ భయం నీది. నాకూ ఒక బిడ్డే. అందుకే దాని వెంట నేను బస్సెక్కాను. ఇప్పుడు శిరీష సుఖంగా కాపురం చేసుకుంటూంది. ఇంకా నువ్వు ఎవరి కోసం మౌనంగా ఉన్నావో నాకు అర్థం కావడం లేదు.

పోయిన వారం యూనివర్సిటీలో దాని పరీక్ష జరిగింది. రాసే పరీక్ష కాదు. పెద్ద పెద్దవాళ్లు కూర్చుని ప్రశ్నలు వేస్తారు, నిలబడి జవాబులు చెప్పాలి. నన్నూ రమ్మంది. నా తెల్లపంచె తానే ఇస్త్రీ చేసింది. చివరి బెంచీలో తలుపు పక్కన కూర్చున్నాను, దగ్గొస్తే బయటికి పోవచ్చని. అంతా ఇంగ్లీషే. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒకాయన స్పిన్‌స్టర్ అన్న మాట మీద ఏదో అడిగాడు. ఆ మాట నాకు ఇంట్లో చెప్పి ఉంది. మొదట్లో నూలు వడికే ఆమె. అది పని పేరు, గౌరవమైన పేరు. కాగితాల్లో పేరు పక్కన రాసేవాళ్లట. వడికేవాళ్లలో పెళ్లికానివాళ్లు ఎక్కువ కాబట్టి కొన్నాళ్లకు పని జారిపోయి పెళ్లి కాకపోవడం ఒకటే మిగిలింది. ఆ తర్వాత ఎగతాళి మిగిలింది.

సువర్ణ జవాబు చెబుతూ ఉంది. ఆ ఇంగ్లీషు మధ్యలో ఉన్నట్టుండి రామలక్ష్మమ్మ అని వినబడింది. మళ్లీ ఒకసారి రామలక్ష్మమ్మ. మీ వదిన పేరు తమ్ముడూ, ఆ హాల్లో, అంతమంది పెద్దవాళ్ల ముందర. ఏమైనా తప్పు జరిగిందేమో అనుకున్నాను. బయటికొచ్చాక అడిగితే చెప్పింది. విగ్రహం చెక్కినవాడు శిల్పి. చెక్కిన తర్వాత నీళ్లు పోసుకుంటూ వారాల తరబడి రుద్ది, ఆ నలుపూ ఆ నిగనిగా తెచ్చినవాళ్లకు ఏం పేరు? రుద్దే ఆడోళ్లు, అంతే. మా అమ్మ బతికినన్నాళ్లూ అదే పని చేసింది, ఆమె పనికి మా ఊళ్లో మాట కూడా పుట్టలేదు, స్పిన్‌స్టరుకు చెడిపోవడానికైనా ఒక మాట ఉండింది అని చెప్పిందట. ప్రశ్న అడిగినాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అది నేను చూశాను.

తర్వాత అందరూ లేచి చేతులు కలిపారు. డాక్టర్ సువర్ణ అని పిలిచారు. నేను ఆ గదిలో ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. మీ వదిన ఉండుంటే అనుకున్నాను. ఆమె దగ్గు నీకు గుర్తుంది గదా. ఇప్పుడు నా దగ్గు కూడా అట్లాగే వినిపిస్తుంది. ఇక్కడి ఆస్పత్రిలో ఫోటో తీసి, రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది, తగ్గేది కాదు, పెరగకుండా చూసుకోవాలి అన్నారు. తగ్గేది కాదన్న మాట నేను సువర్ణకు చెప్పలేదు. దానికీ ఎవరో చెప్పారు, అది నాకు చెప్పదు. ఇద్దరికీ తెలుసు. నువ్వు మాత్రం ముక్కుకు తడిగుడ్డ కట్టుకోకుండా రాయి కోసే మిషన్ ముందు కూర్చోవద్దు. రుద్దే ఆడవాళ్లకు కూడా గుడ్డలు ఇవ్వు. వాళ్లు అడగరు, నువ్వే ఇవ్వాలి. నేను బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. ఊరు వదిలేటప్పుడు నేను సంచిలో ఒక నల్లరాతి పలక తెచ్చుకున్నాను, నీకు గుర్తుందా? పీఠం కోయగా మిగిలిన ముక్క. దాని పేరుతో ఇంటి ముందు పెట్టుకునే పలక చేద్దామని షెడ్డులోనే మొదలుపెట్టాను. మన షెడ్డు పద్ధతి నీకు తెలిసిందే. మగవాడి పేరు ముందు శ్రీ చాలు, పెళ్లయినా కాకపోయినా అదే. ఆడవాళ్లకు శ్రీమతి అనో కుమారి అనో లేకుండా మనం ఏ రాతి మీదా పేరు చెక్కలేదు. నాయన కాలం నుంచీ అంతే. అందుకని నేను మొదట జానెడు చోటు వదిలి, పక్కన సువర్ణ అని చెక్కాను. నువ్వు నా వెనక నిలబడి, "ముందర ఏం చెక్కుతావన్నా" అన్నావు. నేను పలకను సంచిలో పెట్టేసుకున్నాను. ఆ మరుసటి రోజే బస్సెక్కాం.

ఇక్కడికి వచ్చి రెండు వానకాలాలు గడిచాయి. పలక నా మంచం కింద బోర్లా పడి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ ఖాళీయే కనబడేది, పేరు కనబడేది కాదు. ఇప్పుడు ఆ ఖాళీలో పెట్టే మాట వచ్చింది. డాక్టర్. ఆ మాట ఎవరినీ పెళ్లి గురించి అడగదు, మొగుడి గురించి అడగదు.

సంతోషం పట్టలేక తొందరపడ్డాను. మొన్న సువర్ణ కాలేజీకి పోగానే పలక తీసి, ఒళ్లో గోనెపట్టా వేసుకుని, నా పాత సుత్తి తీసుకున్నాను. మొదటి దెబ్బకే దగ్గు వచ్చింది. ఉలి జారింది. ఖాళీ చోటు నుంచి మొదటి అక్షరం దాకా పెంకు లేచిపోయింది. ఎన్నో విగ్రహాలకు వేళ్లూ గోళ్లూ చెక్కిన చెయ్యి ఇది. చిన్న పలకను పగలగొట్టింది. పొడి తుడవడానికి కూడా లేవలేక అట్లాగే కూర్చున్నాను.

సాయంత్రం అది వచ్చి చూసింది.

"ఏంది నాయనా ఇది?"

"ముందర డాక్టరని చెక్కుదామని."

"నీకేమన్నా తిక్కనా? దుమ్ము పట్టుకోవద్దని ఆస్పత్రిలో డాక్టరు చెప్పలా?"

"ఆయన సూది డాక్టరు. నేను మా ఇంటి డాక్టరు మాట వింటా."

"మీ ఇంటి డాక్టరు కూడా అదే చెప్తాంది."

తడిగుడ్డతో పొడంతా ఎత్తేసింది. నా చేతులు కడిగింది. పెంకు లేచిన చోట వేలు పెట్టి, "దీన్నింక ఏం చేయలేమా?" అని అడిగింది.

"పై పొరంతా దించాల. పేరు కూడా పోతాది. మల్లా మొదట్నుంచి చెక్కాల. నాతో కాదు. ఓబులేసు చేతిలో అయితే అయితాది."

అది తడిగుడ్డ పిండి ఆరేసి వచ్చింది. తర్వాత "చిన్నాయన వస్తాడా?" అంది. ఇక్కడికి వచ్చాక అది నీ పేరు ఎత్తడం ఇదే మొదలు.

"వస్తాడు" అన్నాను.

"వస్తే, చెక్కినాక రుద్దేది నేను రుద్దుతా. అమ్మ రుద్దినట్ల" అంది.

వస్తాడు అని నేను చెప్పేశాను తమ్ముడూ. నిన్ను అడగకుండానే నీ తరఫున మాట ఇచ్చేశాను. అందుకే ఈ ఉత్తరం. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి మళ్లీ ఇల్లు చేరవచ్చు. బస్టాండుకు సువర్ణ వస్తుంది. అది ముందుకొచ్చి పలకరించడానికి జంకితే నువ్వు తప్పుగా అనుకోవద్దు, నువ్వే పిలువు. వచ్చేటప్పుడు షెడ్డులో తూర్పుగోడకు తగిలించిన నా సన్న ఉలి తీసుకురా. జొన్నపిండి ఒక చిన్న సంచి తెస్తే చాలు, బరువు మోయవద్దు. ఇంకొకటి. మీ వదిన రుద్దే రాయి గూట్లో ఉండాలి. అరిగి అరిగి సబ్బుబిళ్లంతయింది, ఒక పక్క ఆమె బొటనవేలి గుంట ఉంటుంది. పారేసి ఉంటే పర్వాలేదు. పారేసి ఉండవని నా నమ్మకం.

పలక మీద పేరు ముందు డాక్టరని చెక్కుతావో, ముందర ఏమీ లేకుండా ఉత్త పేరే చెక్కుతావో నీ ఇష్టం. సువర్ణకు పేరొక్కటే చాలట. నాకు డాక్టరని ఉండాలని ఆశ. మొదట ఆ మాట కోసమే ఉత్తరం మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఉంటే ఆ మాట అంత ముఖ్యం కాదనిపిస్తూంది. చెక్కేది నువ్వయితే చాలు. నేను పోయాక ఆ బిడ్డకు నంద్యాలలో ఎవరున్నారు? పలక మీద చిన్నాయన చెయ్యి ఉందని రోజూ చూసుకుంటుంది. వచ్చినప్పుడు దాని తల మీద చెయ్యి పెట్టి దీవించు. నా దీవెనలు దానికి ఎప్పుడూ ఉన్నవే, నీవి బాకీ పడి ఉన్నాయి.

దగ్గు వస్తూంది, ఇక్కడితో ఆపుతాను. దగ్గే, ఇంకేమీ లేదు. మీరంతా చల్లగా ఉండాలి.

నీ మేలు కోరే అన్న,
కొండయ్య.

ఈ సంగతి తప్పకుండా చెప్పవలసినవాళ్లు:

రవణమ్మకు మొట్టమొదట చెప్పు. దగ్గరికి పోయి చెప్పు, కేకేసి చెప్పవద్దు.

శిరీషకు. అక్క డాక్టరైందని అత్తగారింట్లో తలెత్తుకుని చెప్పుకోమను.

పగిడ్యాలలో చెల్లెలు ఈశ్వరమ్మకు. అత్తగారిల్లు వదిలి వచ్చిన రోజు, సువర్ణ చదువు మానకూడదని అన్నది ఆమె ఒక్కతే.

శ్రీశైలం డ్యాములో పనిచేసే మా బామ్మర్ది శంకరయ్యకు. మేనకోడలి సంగతి ఆయన ఇంకొకరి నోట వింటే బాగుండదు.

అహోబిలంలో మన మేనత్తకు. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాలి. డాక్టరంటే మోకాళ్ల నొప్పులకు మందు అడుగుతుంది, ఏదో ఒకటి చెప్పు.

షెడ్డులో రుద్దే వరుసలో కూర్చునే పుల్లమ్మకు, హుసేనమ్మకు. వాళ్లు చుట్టాలు కారు. అయినా చెప్పు. రామలక్ష్మమ్మ కూతురు మీ పని గురించి పెద్దవాళ్ల ముందు చెప్పిందని చెప్పు.

అందరికీ చెప్పడమయ్యాక, షెడ్డులో ఎవరూ లేనప్పుడు, సువర్ణ అని ఒకసారి నీ నోటితో నువ్వు అను. ఆ పేరు నీ నోట వచ్చి చాలాకాలమైంది. ఒకసారి అని చూస్తే బస్సెక్కడం సులువవుతుంది.